నీలగిరి తైలం నీలగిరిది కాదు: ఊటీ బురదలో 40 వేల ఏళ్ల లాగ్ ఫైల్

ఈరోజు టాపిక్ బురద. నిజంగానే బురద. నవ్వకండి, చివరిదాకా ఉంటే మన గచ్చిబౌలి దాకా వస్తాం.

ముందు అందరికీ తెలిసిన ఒక వస్తువుతో మొదలుపెడదాం. జలుబు చేస్తే ఇంట్లో ఏం చేస్తారు? వేడి నీళ్లలో రెండు చుక్కలు నీలగిరి తైలం వేసి, తల మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టిస్తారు. ఆ తైలం యూకలిప్టస్ ఆకుల నుంచి వస్తుంది. ఆ చెట్టుని మనం నీలగిరి చెట్టు అంటాం, కొన్ని జిల్లాల్లో జామాయిల్ అంటారు. పేరు వింటే అది నీలగిరి కొండల్లో పుట్టిన చెట్టే అనిపిస్తుంది కదా? కాదు. అది ఆస్ట్రేలియా చెట్టు. 1840ల్లో బ్రిటిష్ వాళ్లు తెచ్చి నీలగిరిలో నాటారు. మనం తర్వాత దానికి ఆ కొండల పేరే పెట్టేశాం. అద్దెకి వచ్చినవాడి పేరు మీద ఇల్లు రిజిస్టర్ అయినట్టు.

మరి ఆ చెట్టు రాకముందు అక్కడ ఏముండేది? ఈ ప్రశ్న సింపుల్‌గా కనిపిస్తుంది గానీ, దీని మీద నూరేళ్లకి పైగా వాదన నడిచింది. ఆ వాదనలో చివరికి గట్టి సాక్ష్యం ఇచ్చింది బురదే.

ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. మన అరకు 900 మీటర్ల చిల్లర, తూర్పు కనుమల్లో మన ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. ఆ తేడా చాలా ముఖ్యం. నీలగిరి పైభాగంలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. అక్కడి భూమి రూపం కూడా వేరు. గుండ్రటి కొండల మీద అంతా గడ్డి. రెండు కొండల మధ్య మడతల్లో చిన్న చిన్న దట్టమైన అడవి ముక్కలు, వాటిని షోలా అంటారు. ఇక లోయ అడుగున, నీరు ఎప్పుడూ నిలిచి ఉండే చోట, చిత్తడి.

ఆ చిత్తడిలో మొక్క చచ్చిపోతే మామూలు నేలలోలాగా కుళ్లిపోదు. కుళ్లాలంటే ఆక్సిజన్ కావాలి. నీరు నిండిన నేలలో ఆక్సిజన్ ఉండదు, పైగా చలి. అందుకని చచ్చిన గడ్డి, వేర్లు, ఆకులు సగం కుళ్లి సగం కుళ్లకుండా నల్లగా పేరుకుపోతాయి. వచ్చే ఏడాది దాని మీద ఇంకో పొర. ఇలా వేల ఏళ్లు. దీన్నే పీట్ అంటారు. ఎండబెడితే పొయ్యిలో మండుతుంది కూడా. బొగ్గు అయ్యే దారిలో మొదటి స్టాప్ అనుకోండి.

బ్యాకెండ్‌లో పనిచేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇది అపెండ్ ఓన్లీ లాగ్ ఫైల్. కొత్త ఎంట్రీ ఎప్పుడూ పైనే పడుతుంది, పాతదాన్ని ఎవరూ ఎడిట్ చేయరు. టైమ్‌స్టాంప్ కూడా ఉంది: కార్బన్-14. దాని సగం 5,730 ఏళ్లలో అయిపోతుంది కాబట్టి, ఒక పొరలో ఎంత మిగిలిందో కొలిస్తే ఆ పొర వయసు తెలుస్తుంది. సుమారు 50 వేల ఏళ్ల వరకే ఈ గడియారం పనిచేస్తుంది, తర్వాత కొలవడానికి ఏమీ మిగలదు.

ప్రపంచం మొత్తం భూభాగంలో పీట్ నేలలు 3 నుంచి 4 శాతమే. కానీ నేలలో ఉన్న కార్బన్‌లో మూడో వంతు దాకా వీటిలోనే ఉందని అంచనా. ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఇది ఎక్కువ. ఇందులో అత్యధికం కెనడా, రష్యా, ఇండోనేషియా, కాంగో లాంటి చోట్ల ఉంది. నీలగిరిలో ఉన్నది దాంతో పోలిస్తే చిటికెడు. అయినా దక్షిణ భారతానికి ఆ చిటికెడే ఆధారం.

ఇక చరిత్రలోకి వద్దాం.

1819లో కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ నీలగిరి పైకి ఎక్కాడు. అప్పటికే అక్కడ తోడాలు గేదెల మందలతో ఉన్నారు, బడగలు పంటలు పండిస్తున్నారు, కోతాలు, కురుంబలు ఉన్నారు. అంటే కొండ ఖాళీగా లేదు. కానీ చలి దేశం నుంచి వచ్చినవాళ్లకి ఆ గడ్డి కొండలు ఇంగ్లండ్ లాగా కనిపించాయి. 1820ల్లో వాగులకి కట్ట వేసి ఊటీ చెరువు కట్టారు. తర్వాత ఊటీ మద్రాస్ ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని అయింది. ఇది మనకి సంబంధం లేని విషయం కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాస్ కిందే ఉండేవి. బ్రిటిష్ కాలంలో గుంటూరు, విశాఖపట్నం ఫైళ్లు వేసవిలో ఊటీ చలిలో కూర్చున్న గవర్నర్ దగ్గరికి వెళ్లేవి.

అంత మంది దొరలు, అంత చలి. వంటచెరకు కావాలి. ఉన్న షోలా అడవుల్ని నరికేశారు. నరికాక కట్టె కొరత. దానికి పరిష్కారంగా త్వరగా పెరిగే చెట్లు: ఆస్ట్రేలియా నుంచి యూకలిప్టస్, వాటిల్. ఎక్కడ నాటాలి? గడ్డి మీద. ఎందుకంటే గడ్డి నేల 'ఊరికే పడి ఉంది' కదా!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బ్రిటిష్ రెవెన్యూ లెక్కల్లో శిస్తు రాని భూమికి పేరు బంజరు, లేకపోతే పోరంబోకు. పోరంబోకు అంటే అసలు అర్థం శిస్తు లెక్కకి బయట ఉన్నది అని. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, మేత పోరంబోకు, ఇలా ఊరందరిదీ అయిన భూమి. మనం ఈ మాటని ఎలా వాడతాం? 'వాడొక పోరంబోకు' అని తిట్టడానికి. పన్ను కట్టని భూమి పేరు పనికిరాని మనిషి పేరు అయిపోయింది. నాకు ఇది తమాషాగా అనిపించదు. ఒక ప్రభుత్వం వాడిన కాలమ్ హెడర్ మన భాషలోకి, మన బుర్రలోకి ఎంత లోతుగా దిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్వాతంత్య్రం తర్వాత ఇది ఆగిందా? ఆగలేదు, స్పీడ్ పెరిగింది. తోళ్ల పరిశ్రమకి టానిన్ కావాలని వాటిల్ తోటలు, రేయాన్ తయారీకి గుజ్జు కావాలని యూకలిప్టస్ తోటలు గడ్డి కొండల మీద పరిచారు. పైకారా జలవిద్యుత్ 1930ల్లోనే వచ్చింది, 1950ల్లో కొలంబో ప్లాన్ కింద కెనడా సాయంతో కుందా ప్రాజెక్టు మొదలైంది. డ్యాములకి కావాల్సింది లోయలు, లోయల అడుగునే చిత్తడి ఉంటుంది. మిగిలిన చిత్తడుల్లో చాలాచోట్ల కాలువ తవ్వి నీళ్లు తీసేసి క్యారెట్, బంగాళదుంప, క్యాబేజీ వేశారు. పండించిన రైతుని ఇక్కడ విలన్ చేయడం నాకు ఇష్టం లేదు. లోయలో నల్లమట్టి కనిపిస్తే ఏ రైతైనా అదే చేస్తాడు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఒక వాదన అందరికీ సౌకర్యంగా ఉండేది. ఆ గడ్డి సహజమైనది కాదు, ఒకప్పుడు అంతా అడవే, తోడాల గేదెలు మేసి, నిప్పు పెట్టి అడవిని గడ్డి చేశారు అని. ఇది నిజమైతే గడ్డి మీద చెట్లు నాటడం తప్పు కాదు, రిపేర్ చేయడం. అబద్ధమైతే, ఉన్న ఒక ప్రకృతిని పీకేసి ఇంకోటి పెట్టడం. కొండల భవిష్యత్తు మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద ఉంది.

పీట్‌లో ఉన్న పుప్పొడిని మైక్రోస్కోప్ కింద చూసి జవాబు వెతకడం మొదట్నుంచీ ఉంది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1970ల నుంచే ఈ పని చేశారు. ఊటీ దగ్గర శాండినల్లా లోయ ఈ రంగంలో ఫేమస్ పేరు. తర్వాత 1993లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. రాసినవాళ్లు ఆర్. సుకుమార్, ఆర్. రమేశ్, ఆర్.కె. పంత్, జి. రాజగోపాలన్. సుకుమార్ అంటే బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏనుగుల మీద పరిశోధనకి పేరున్న ఆయనే. రమేశ్ అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ ల్యాబ్‌లో ఐసోటోపులు కొలిచే మనిషి. ఏనుగుల ఆయన, ఐసోటోపుల ఆయన కలిసి బురద మీద పేపర్ రాయడం. ఇలాంటి కాంబినేషన్ నాకు చాలా ఇష్టం.

వాళ్లు ఏం కొలిచారో చెప్తాను, దీనికి మన పొలమే చాలు. వరి, జొన్న తీసుకోండి. రెండూ గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకునే పెరుగుతాయి, కానీ పద్ధతి వేరు. వరి, గోధుమ, దాదాపు చెట్లన్నీ సీ3 పద్ధతి. జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు, వేడి ప్రాంతాల గడ్డి చాలావరకు సీ4 పద్ధతి. నీళ్లు తక్కువున్నా, గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువున్నా సీ4 మొక్క తట్టుకుంటుంది. వాన లేని చోట జొన్న వేసిన మన తాతలకి ఈ పేరు తెలియకపోవచ్చు, విషయం తెలుసు.

కార్బన్‌లో సుమారు 1 శాతం కొంచెం బరువైన రకం, కార్బన్-13. సీ3 మొక్కలు దాన్ని బాగా వదిలేస్తాయి, సీ4 మొక్కలు అంతగా వదలవు. శాస్త్రవేత్తలు వాడే స్కేల్ మీద సీ3 మొక్క మైనస్ 27 దగ్గర, సీ4 మొక్క మైనస్ 13 దగ్గర పడుతుంది. మధ్యలో ఇంత గ్యాప్ ఉంది కాబట్టి కన్ఫ్యూజన్ తక్కువ. మొక్క చచ్చి 20 వేల ఏళ్లయినా పీట్‌లో ఈ సంతకం అలాగే ఉంటుంది. పొరపొరా కొలుచుకుంటూ పోతే ఏ కాలంలో సీ4 గడ్డి ఎక్కువ, ఏ కాలంలో సీ3 మొక్కలు ఎక్కువ అన్నది గ్రాఫ్‌లా వచ్చేస్తుంది.

ఆ గ్రాఫ్ ఏం చెప్పింది? 20 వేల నుంచి 16 వేల ఏళ్ల కింద, అంటే చివరి మంచు యుగం గట్టిగా ఉన్నప్పుడు, నీలగిరి పొడిగా ఉంది, సీ4 గడ్డి రాజ్యమేలింది. అప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 10 లక్షల భాగాల్లో సుమారు 190 మాత్రమే, అదీ గడ్డికే కలిసొచ్చింది. తర్వాత రుతుపవనాలు బలపడ్డాయి, 9 వేల ఏళ్ల కింద తడి బాగా పెరిగింది, సీ3 మొక్కలు పైచేయి అయ్యాయి. మళ్లీ 6 వేల నుంచి 3,500 ఏళ్ల కింద దాకా పొడి కాలం. 1997లో అదే టీమ్ కరెంట్ సైన్స్ పత్రికలో ఈ రికార్డుని 40 వేల ఏళ్ల వెనక్కి తీసుకెళ్లింది. కొద్ది మీటర్ల బురదలో 40 వేల ఏళ్లు. అంటే ఒక్క సెంటీమీటరు మందం దాదాపు శతాబ్దం, ఒక్కోచోట ఇంకా ఎక్కువ.

ఇప్పుడు పాత వాదన దగ్గరికి రండి. 20 వేల ఏళ్ల కింద దక్షిణ భారతంలో గేదెల మంద లేదు, ఆవుల మంద లేదు, వ్యవసాయమే లేదు. అయినా నీలగిరి మీద గడ్డి ఉంది. కాబట్టి ఆ గడ్డిని మనుషులు సృష్టించలేదు. వాతావరణం మారినప్పుడల్లా గడ్డి, అడవి ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి, కానీ గడ్డి అక్కడి సొంతదారే. తోడాల మీద 150 ఏళ్లు ఉన్న కేసు ఇక్కడ కొట్టేసినట్టే.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, లేకపోతే ఇది వాట్సాప్ ఫార్వర్డ్ అయిపోతుంది. చిత్తడిలో ఉన్న పీట్‌లో చిత్తడి మొక్కల వాటా ఎక్కువ, పక్క కొండ కథంతా అందులో ఉండదు. 2007లో వచ్చిన ఇంకో పరిశోధన నీలగిరిలోనే చోటుని బట్టి మార్పు వేరుగా జరిగిందని చూపించింది. తర్వాతి కాలంలో మంటలు, మేత గడ్డిని నిలబెట్టడంలో సాయం చేసి ఉండొచ్చు. అది వేరే ప్రశ్న. 'మొదట ఎవరు' అన్న ప్రశ్నకి మాత్రం బురద జవాబు స్పష్టంగా ఉంది.

చిన్న డైవర్షన్. ఆ 6 వేల నుంచి 3,500 ఏళ్ల మధ్య పొడి కాలం అన్నాను కదా. దాదాపు ఆ కాలం చివరి భాగంలోనే మన దక్కన్‌లో పశువుల మందలు పెంచినవాళ్లు కనిపిస్తారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఒక బూడిద దిబ్బ తవ్వాడు. పశువుల దొడ్డిలో పేరుకున్న పేడని మళ్లీ మళ్లీ తగలబెట్టగా తయారైన దిబ్బ అది. సుమారు 5 వేల ఏళ్ల కింద మొదలైంది. కరువు వల్లే పశుపోషణ వచ్చింది అని నేను అనట్లేదు, ఒక చోటి బురద చూసి ఇంకో చోటి మనుషుల కథ రాసేయకూడదు. కానీ టైమ్‌లైన్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఆలోచన ఆగదు.

సరే, ఇప్పటి సంగతి. కొండ పీట్ మీద పీహెచ్‌డీ చేసే విద్యార్థులు అడిగే ప్రశ్న తిరగబడింది. వాతావరణం మారినప్పుడు బురద ఏం రాసుకుంది అన్నది పాత ప్రశ్న. ఇప్పుడు మారుతున్న వాతావరణం బురదనే ఏం చేస్తుంది?

పని ఎలా ఉంటుందంటే, మోకాలి లోతు చిత్తడిలో నిలబడి సగం చీల్చిన గొట్టం లాంటి స్టీల్ పరికరం దించి, తిప్పి, అర మీటరు ముక్కలుగా పీట్ తీస్తారు. ఆరిపోకుండా చుట్టి, ల్యాబ్‌లో సెంటీమీటరు చొప్పున కోస్తారు. ఇంకొందరు నేలలో గొట్టాలు పాతి నీటిమట్టం నెలనెలా కొలుస్తారు, పైన డబ్బా బోర్లించి నేల ఎంత కార్బన్ డయాక్సైడ్, ఎంత మీథేన్ వదులుతుందో పట్టుకుంటారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో అయితే స్ప్రూస్ అనే ప్రయోగంలో పీట్ నేల మీద పెద్ద పెద్ద గదులు కట్టి, 2015లో మొదలుపెట్టి 9 డిగ్రీల దాకా వేడి చేసి చూశారు. కొద్ది ఏళ్లలోనే తేలింది ఏమిటంటే, వేడి పెరిగేకొద్దీ పీట్ కార్బన్‌ని దాచుకోవడం మానేసి వదలడం మొదలుపెట్టింది.

నీలగిరిలో ఇది ఇంకా చిక్కు. వేడి పెరిగితే పీట్ త్వరగా కుళ్లుతుంది. మంచు రాత్రులు తగ్గితే, ఇన్నాళ్లూ మంచుకి చచ్చిపోయిన చెట్ల మొలకలు గడ్డిలో బతుకుతాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది, అది సీ3 చెట్లకి అనుకూలం. పైగా వాటిల్ ఎవరూ నాటకపోయినా దానంతటదే పాకుతోంది. చెట్లు నీళ్లు ఎక్కువ లాగుతాయి. ఊటీ దగ్గర గ్లెన్‌మోర్గన్‌లో పక్కపక్కన ఉన్న రెండు పరీవాహక ప్రాంతాల్లో ఒకదాన్ని గడ్డిగా వదిలి, రెండోదాంట్లో యూకలిప్టస్ వేసి పదేళ్లు కొలిచారు. 1988లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం యూకలిప్టస్ ఉన్న చోట వాగులోకి వచ్చే నీరు 16 శాతం తగ్గింది. అంటే ఏ/బీ టెస్ట్ మనకంటే ముందే కొండ మీద చేసేశారు. వాగు తగ్గితే చిత్తడి ఎండుతుంది, చిత్తడి ఎండితే ఆక్సిజన్ లోపలికి దిగుతుంది, 40 వేల ఏళ్లు కుళ్లనిది కుళ్లడం మొదలవుతుంది. అప్పుడు రెండు నష్టాలు. కార్బన్ గాల్లోకి పోతుంది, లాగ్ ఫైల్ కూడా పోతుంది. దీనికి బ్యాకప్ సర్వర్ లేదు.

పక్కనే కొడైకెనాల్ ఉన్న పళని కొండల్లో, శాటిలైట్ చిత్రాలు పోల్చి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం నాలుగు దశాబ్దాల్లో మూడింట రెండు వంతుల గడ్డి నేల తోటల కింద, పొలాల కింద పోయింది. ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి, ఎవరైనా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పైథాన్ వచ్చి, వీకెండ్ ఖాళీ ఉన్నవాళ్లు మన కారిడార్‌లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

తోడాల విషయం ఒకటి మర్చిపోకుండా చెప్పాలి. వాళ్ల గుడి సగం డ్రమ్ము పడుకోబెట్టినట్టు ఉంటుంది, ఫొటోల్లో చూసే ఉంటారు. దాని పైకప్పుకి వాడే గడ్డి ఎక్కడపడితే అక్కడ పెరగదు, ఆ చిత్తడుల్లోనే పెరుగుతుంది. చిత్తడి పోతే పైకప్పు మార్చడానికి గడ్డి కోసం ఎక్కడెక్కడో తిరగాలి. శాస్త్రవేత్తకి అది ఆర్కైవ్, తోడా పెద్దకి అది గుడి సామగ్రి.

ఇప్పుడు గచ్చిబౌలి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటి ఫొటోలు చూస్తే చుట్టూ గ్రానైట్ గుండ్లు, పొదలు, గడ్డి. 'అక్కడ ఏమీ ఉండేది కాదు' అని ఇప్పటికీ గర్వంగా చెప్తుంటారు. ఆ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. 2025లో హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల గొడవ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మార్చి చివర్లో బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ భూమి ఎవరిది, కోర్టులో ఎవరిది కరెక్ట్ అన్నది ఈ ఎపిసోడ్ పని కాదు. నేను చూసేది పేరు. ఆ చోటు పేరు కంచ గచ్చిబౌలి. తెలంగాణలో కంచ అంటే పశువుల మేత కోసం వదిలిన గడ్డి, పొదల భూమి. పేరులోనే ఉంది, అది ఖాళీ కాదు, దానికి ఒక పని ఉంది అని. ఊరివాళ్లు కంచ అన్నదాన్ని రికార్డు ఇంకో మాటతో పిలుస్తుంది. నీలగిరి గడ్డికి సరిగ్గా ఇదే జరిగింది. తేడా ఏమిటంటే, నీలగిరికి సాక్ష్యం చెప్పడానికి కింద పీట్ ఉంది. మన గుండ్ల మధ్య అంత చలి లేదు, అలాంటి పీట్ పేరుకోదు.

ఇంకొక్క డీటెయిల్. యూకలిప్టస్ వచ్చింది 1840ల్లో కాబట్టి, దాని పుప్పొడి పీట్‌లో పైపైన పొరల్లోనే దొరకాలి. కలవని పీట్‌లో, పై నుంచి కిందికి కొలుచుకుంటూ వెళ్తే ఒక చోట అది ఆగిపోతుంది. సెంటీమీటరుకి శతాబ్దం లెక్కన చూస్తే, నీలగిరి చెట్టు నీలగిరిలో ఉన్న కాలమంతా రెండు సెంటీమీటర్ల లోపు మందమే. దాని కింద ఉన్న మీటర్ల కొద్దీ బురదలో ఆ చెట్టు ఆనవాలు ఒక్కటి కూడా లేదు.

నెక్స్ట్ ఎపిసోడ్ ఉట్నూరు బూడిద దిబ్బ మీద. ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో అడిగి పంపండి.